నాన్న పలికిన పేరు

ఆ ఏడు కవళ్ళ చేపలు ఆలస్యంగా వచ్చాయి. ఆగస్టు సగం గడిచాక గాని కొండమీద వాటికోసం కాపలా ఉన్న మనిషి బూర ఊదలేదు. ఊదగానే పోల్గార్త్ ఊరు ఊరంతా ఒడ్డుకు పరిగెత్తింది. మగవాళ్ళు పడవలు నీళ్ళలోకి తోశారు. ఆడవాళ్ళం బుట్టలతో, ఉప్పుతో గట్టుమీద బారులు తీరాం. మా తమ్ముడు మైకా ఒట్టి చొక్కాతోనే దిగాడు. వాడి కోటు చేపల కంపు కొడుతోందని ఆ పొద్దున్నే నేను ఉతికి ఆరేశాను. ఉతికేముందు జేబులో ఉన్న చీటీ తీసి పొయ్యి పైన బల్లమీద పెట్టాను.

మా ఇంగ్లండుకు ఫ్రెంచివాళ్ళతో యుద్ధం మొదలై అప్పటికి పంతొమ్మిదేళ్ళు. నాకు ఇరవై రెండు. మధ్యలో ఒక్క ఏడాది సంధి తప్ప, యుద్ధం లేని రోజులు నాకు తెలియవు. యుద్ధనౌకలకు మనుషులు చాలక రేవుల్లో దొరికినవాణ్ణి దొరికినట్టు లాక్కెళ్ళే ముఠాలు తిరిగేవి. చేపలవాళ్ళను మాత్రం వదిలెయ్యమని సర్కారు చీటీలిచ్చింది. ఆ చీటీ ఒంటిమీద ఉంటేనే దానికి విలువ.

ముఠావాళ్ళు ఉప్పు కొట్టు వెనక పొద్దుటి నుంచీ నక్కి ఉన్నారట. తొలి పడవ గట్టుకు రాగానే చుట్టుముట్టారు. ఒక్కొక్కరూ చీటీ తీసి చూపించారు.

"నీదేదిరా?" అన్నాడు ముఠా అధికారి మైకాతో.

"ఇంట్లో ఉంది సార్. మా అక్క తెస్తుంది. అక్కా, పరిగెత్తవే!"

పరిగెత్తాను. మా ఇల్లు ఊరికి ఎగువన ఉంది. నేను చీటీ పట్టుకుని తిరిగి వచ్చేసరికి వాళ్ళ పడవ గట్టు వదిలేసింది. పీకల్లోతు నీళ్ళలోకి దిగి ఆ కాగితం పైకెత్తి ఊపాను. తెడ్లు వేసేవాళ్ళలో ఒకడు నవ్వుతూ నాకు చెయ్యి ఊపాడు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఉతికే బట్టలు మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

* * *

సెప్టెంబరు ఆఖర్న పార్లమెంటు రద్దయింది, ఎన్నికలన్నారు. రాజుగారికి మతి పోయి కొడుకు రాజ్యం చూస్తున్న రోజులవి. ఆ వసంతంలోనే ఎవడో ప్రధానమంత్రిని పార్లమెంటు గుమ్మంలో కాల్చి చంపాడు. రొట్టె పిండి ధర ఎన్నడూ లేనంత పెరిగింది. ఇటలీకి దారి మూసుకుపోయి మా చేపలు కొనేవాడు లేక పీపాల్లోనే మగ్గుతున్నాయి. ఇంత జరిగినా మా ఊరి నుంచి పార్లమెంటుకు వెళ్ళేది ఎప్పుడూ కోటలో ఉండే లార్డ్‌గారి మనిషే.

మా ఊళ్ళో ఒక వింత పద్ధతి ఉండేది. సొంత పొయ్యిమీద సొంత కుండ పెట్టుకుని వండుకునే ప్రతి మగాడికీ ఓటుంది. అలాంటివాళ్ళు తొంభై మంది. అందులో సగంమంది లార్డ్‌గారి ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు, వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. మా నాన్న పాస్కో నాన్‌కారో చేపల పీపాలు తయారుచేసేవాడు, ఇల్లు సొంతం. గడిచిన మూడు ఎన్నికల్లోనూ లార్డ్‌గారికి ఎదురు ఓటే వేశాడు. ఆయనకు జత ఓబెడ్ ట్రెనరీ, చెప్పులు కుట్టేవాడు. ఓబెడ్ బాబాయి పెద్దకొడుకు సైన్యంలో చేరి, మూడేళ్ళ కిందట హాలండు బురదలో తూటా తగలకుండానే జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ఆయన మనిషి కనిపిస్తే చాలు, యుద్ధం ఆపాలంటే ఎవరిని పంపాలో చెప్పేవాడు.

ఈసారి లార్డ్‌గారి తరఫున సర్ ఆంబ్రోజ్ కీట్. ఇటు పక్క, ఫ్రెంచివాళ్ళతో సంధి చేసుకుందామనే బ్రిస్టల్ వర్తకుడు హాల్స్.

"ఈసారి గెలుస్తున్నాం కెజియా" అన్నాడు పెరన్. ఓబెడ్ బాబాయి చిన్నకొడుకు. పడవెక్కితే కడుపులో తిప్పుతుందని రేవు దాటి ఎన్నడూ పోనివాడు. చేతులకు ఎప్పుడూ చెప్పులు కుట్టే దారపు మైనం వాసన. క్రిస్మస్‌లోపు చర్చిలో పెళ్ళికని మా ఇద్దరి పేర్లూ చదివించాలని అనుకున్నాం. "ఇంటింటికీ తిరిగి చూసుకున్నాం. అటూ ఇటూ సమానంగా ఉంది. మీ నాన్నలాంటి వాళ్ళు ఇంకో ఇద్దరుంటే చాలు."

"మా నాన్న సంగతి అంత ఖాయంగా చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? సూర్యుడు పడమట పొడిచినా ఆయన సర్ ఆంబ్రోజ్ పేరెత్తుతాడా?"

నేను మాట మార్చాను. ఎందుకంటే ఆ ముందురోజే లార్డ్‌గారి వకీలు టిప్పెట్ మా ఇంటికి వచ్చి వెళ్ళాడు.

నాన్న కొట్టులో పీపాకు ఇనపకట్టు దిగ్గొడుతున్నాడు. టిప్పెట్ టోపీ తీసి, కూర్చోడానికి శుభ్రమైన చోటు వెతుక్కుని, దొరక్క నిలబడ్డాడు.

"సుత్తి కాస్త ఆపవోయ్ పాస్కో. నా మాట నాకే వినబడట్లేదు."

"వినబడకపోతే నష్టమేం లేదు దొరగారూ. మూడుసార్లూ తమరు అదే చెప్పారు, మూడుసార్లూ నేనూ అదే చెప్పాను."

"ఈసారి కొత్త కబురు తెచ్చాను. మీ వాడు ప్లిమత్‌లోనే ఉన్నాడు. మెలాంథస్ అనే ఓడ. కొయ్యలు మారుస్తున్నారు, నవంబరు నడిమిదాకా కదలదు."

సుత్తి ఆగింది. గుమ్మంలో నా వెనక అమ్మ వచ్చి నిలబడిన చప్పుడు వినిపించింది.

"నౌకాదళం కచేరీలో లార్డ్‌గారి మాట నడుస్తుంది. ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు."

"నా ఓటుకి."

"ఛ ఛ, ఓటెవరడిగారయ్యా? లార్డ్‌గారు తన మనుషుల కోసం ఉత్తరాలు రాస్తారంటున్నాను. నువ్వు ఆయన మనిషివో కాదో నువ్వే చెప్పాలి. పదిమందిలో, గట్టిగా."

ఆయన వెళ్ళాక నాన్న సుత్తి ఎత్తాడు గాని కొట్టలేదు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ముందుగా నోరు విప్పింది నేనే.

"ఓబెడ్ బాబాయి కొడుకు పోయిన రోజు నువ్వు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నావు. రేపు ఆయన వచ్చి నీ పక్కన కూర్చోవాలా నాన్నా?"

"ఎవడి కొడుకుని వాడు తెచ్చుకుంటూ పోతే, ఈ యుద్ధం ఆపేదెవడే?"

"ఎవడూ ఆపడు. నువ్వు ఓటేసినా ఆపడు. హాల్స్ గెలిస్తే రేపే ఓడలన్నీ ఇంటికొస్తాయా?"

"అలా అనుకునే పంతొమ్మిదేళ్ళు గడిపాం."

"ఆ కోటు నేను ఉతికాను నాన్నా." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "నేను ఉతకకపోతే వాడు ఇక్కడుండేవాడు. నేను ఓటెయ్యలేను. ఓటుంటే నేనే వేసేదాన్ని. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

పట్టుకున్నాను కూడా. నాన్న నా భుజాలు పట్టి లేపాడు.

* * *

ఓటింగు మూడు రోజులు. సంత బజారులో పలకలతో ఎత్తుగా అరుగు కట్టారు. ఓటరు మెట్లెక్కి, తన పేరు చెప్పి, ఎవరికి వేస్తున్నాడో అందరూ వినేలా పలకాలి. గుమాస్తా దాన్ని పుస్తకంలో రాస్తాడు. ఎవరు ఎవరికి వేశారో తర్వాత అచ్చు వేసి అమ్ముతారు కూడా.

మూడోరోజు మధ్యాహ్నానికి అటు నలభై నాలుగు, ఇటు నలభై నాలుగు. ఇంకా ఇద్దరు మిగిలారు. ఓబెడ్ బాబాయి, నాన్న. అది విని మావైపు వాళ్ళు అప్పుడే టోపీలు ఎగరేయడం మొదలుపెట్టారు. హాల్స్ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

బాబాయి ముందెక్కాడు. "హాల్స్!" అని అరిచి, దిగుతూ నాన్న వీపుమీద చరిచాడు. "పో పాస్కో, ముగించెయ్."

నాన్న ఆదివారం కోటు వేసుకున్నాడు. నెమ్మదిగా మెట్లెక్కి, పేరు చెప్పి, ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పు, ఎవరికీ వినపడలేదు" అన్నాడు గుమాస్తా.

"సర్ ఆంబ్రోజ్ కీట్" అన్నాడు నాన్న.

అది పొరపాటేమో, మళ్ళీ అడగమని ఎవరో అన్నారు. గుమాస్తా అప్పటికే రాసేశాడు. నలభై అయిదు, నలభై అయిదు.

సమానమైతే ఏం చెయ్యాలో ముందే ఆలోచించిపెట్టుకున్నట్టున్నారు. మావైపు ఓటేసి జబ్బుతో సత్రంలో పడుకున్న ముసలివాడొకడు ఆ వేసవిలో కోడలి పొయ్యిమీద తిన్నాడని, సొంత కుండ లేదని టిప్పెట్ లేచి అభ్యంతరం చెప్పాడు. ఆ ఓటు కొట్టేశారు. అలా ఒక్క ఓటుతో సర్ ఆంబ్రోజ్ గెలిచాడు.

నాన్న మెట్లు దిగుతుంటే జనం పక్కకు తప్పుకున్నారు. అప్పుడు పెరన్ ముందుకొచ్చాడు. వాడి మొహం తెల్లగా పాలిపోయింది. చేపలు కోసే బల్లకింద నుంచి గుప్పెడు పేగులు తీసి నాన్న మొహాన కొట్టాడు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే నాకు కొంచెం నయంగా ఉండేదేమో.

జవాన్లు వాణ్ణి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"వదిలెయ్యండయ్యా, చిన్నవాడు. నాకేం కాలేదు" అన్నాడు నాన్న, చెంప తుడుచుకోకుండానే.

వదల్లేదు. సత్రం మేడమీద విందు జరుగుతోంది. న్యాయాధికారి అక్కడే ఉన్నాడు. మెడలో తువ్వాలు తియ్యకుండానే విచారణ చేశాడు. నాన్ననూ పిలిపించారు.

"ఇతను నిన్ను కొట్టాడా?"

"లేదండి. గాలికి వచ్చి తగిలాయి."

"చేపపేగులు గాలికి ఎగురుతాయా?"

"మా ఊళ్ళో ఎగురుతాయండి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెరన్ నవ్వలేదు. వాడు నాన్న వైపు చూడలేదు. గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. నాకు ముందే తెలుసని నా మొహంలోనే కనిపించి ఉంటుంది. తల తిప్పేసుకున్నాడు.

ఎన్నికల్లో గలాటా చేసినవాడికి ఏడాది జైలు, లేదంటే రాజుగారి నౌకాదళంలో కొలువు అన్నాడు న్యాయాధికారి. ఏది కావాలో పెరన్‌ను ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే బండెక్కించి ప్లిమత్ దారి పట్టించారు.

నేను ఓబెడ్ బాబాయి ఇంటికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. ఆయన సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపలికి రాకు తల్లీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నిన్నేమైనా అంటానేమోనని భయంగా ఉంది. రాకు."

* * *

టిప్పెట్ మాట నిలబెట్టుకున్నాడు. నవంబరు మొదటివారంలో మైకా నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. జుట్టు కత్తిరించేశారు, బుగ్గలు లోపలికి పోయాయి. అమ్మ వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకుని, పళ్ళు ఊడాయా అని నోరు తెరిపించి చూసింది. బార్లీ రొట్టె, ఉప్పుచేప పెట్టింది. వాడు ముద్ద నోట్లో పెట్టుకోకుండానే అడిగాడు.

"పెరన్ ఓడలో ఎందుకున్నాడు?"

అమ్మ నీళ్ళు తెచ్చి వాడి ముందు పెట్టింది.

"నేను నిచ్చెన దిగుతున్నాను, వాడు ఎక్కుతున్నాడు. 'ఇంటికేనా?' అన్నాడు. 'ఔనురా, నీకేమైంది' అన్నాను. నవ్వాడు. అదేం నవ్వో నాకర్థం కాలేదు. సముద్రమంటే భయపడే వాడికి అక్కడేం పని?"

జేబులోంచి విడుదల కాగితం తీసి బల్లమీద పెట్టాడు. దారిలో చదవాలనిపించలేదట. నేను చదివాను. మెథడిస్టుల ఆదివారం బడిలో మేమిద్దరం చదువుకున్నాం, అమ్మానాన్నలకు రాదు. 'పైన చెప్పిన మైకా నాన్‌కారోకు బదులుగా పెరన్ ట్రెనరీ అను మనిషి ముట్టినందున ఇతనిని విడిచిపెట్టడమైనది.'

మనిషికి మనిషి. ఆ సంగతి టిప్పెట్ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

"నాన్నా?" అన్నాడు మైకా.

నాన్న అంతా చెప్పాడు. నా ఊసెత్తలేదు, తానే చేశానన్నాడు. అరుగు మీద ఏమన్నాడో, గుమాస్తా గట్టిగా చెప్పమంటే మళ్ళీ ఎలా చెప్పాడో అది కూడా దాచలేదు. మైకా తలవంచుకుని విన్నాడు. అయిపోయాక ప్లేటు పక్కకు జరిపాడు.

తొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నాడు. రేవులోకి వెళితే ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. పడవ తోసేటప్పుడు ఒక చెయ్యి వెయ్యమని మాత్రం ఎవరూ పిలవలేదు. నాన్నను పీపాలు అడిగేవాళ్ళు లేరు. కోట నుంచి వంట కోసం ఒక వేటమాంసం ముక్క పంపించారు. అమ్మ దాన్ని బయట కుక్కలకు వేసింది.

పదో రోజు పొద్దున్నే మైకా బూట్లు కట్టుకున్నాడు.

"నన్ను తీసుకుని వాణ్ణి పంపమంటాను. కాగితం చూపిస్తాను. మనిషికి మనిషి అని వాళ్ళే రాశారుగా."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. రొట్టె మూట కట్టి ఇచ్చింది. నాన్న వీధి చివరిదాకా వెళ్ళాడు. "నేను వెళ్తానురా, నన్ను తీసుకుంటారేమో" అన్నాడట. "నీకు యాభై దాటాయి నాన్నా, నిన్నేం చేసుకుంటారు" అన్నాడట వాడు.

ప్లిమత్‌కు రెండు రోజుల నడక. వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు. అయిదో రోజు నుంచి నేను ఎగువ గట్టుమీద నిలబడి దారి చూడటం మొదలుపెట్టాను. వచ్చేది పెరన్ ఒక్కడే అని నాకు తెలుసు. వస్తే నాతో మాట్లాడడని తెలుసు. మాట్లాడకపోయినా రానీ అనుకున్నాను.

ఎవరూ రాలేదు. పదిహేనో రోజు నాన్న టిప్పెట్ ఇంటికి వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. టోపీ చేత్తో పట్టుకుని నాన్న వాకిట్లో నిలబడి అడిగాడు.

టిప్పెట్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏం పని చేశాడయ్యా మీ వాడు! నాకొక మాట చెప్పి ఉండకూడదూ?"

"మరి పెరన్‌ను వదలాలి కదండీ. ఒకరికి ఒకరు."

"అది విడుదల కోసం పెట్టిన షరతు. మీ వాడు విడుదలై వచ్చాడు, అక్కడితో సరి. తర్వాత తన కాళ్ళమీద తనే ఓడెక్కితే, దాన్ని స్వచ్ఛందంగా చేరడమంటారు. అమెరికాతో కూడా యుద్ధమొచ్చిపడింది. వచ్చినవాణ్ణి రాజుగారు వద్దంటారా?"

"ఇద్దర్నీ ఉంచుకున్నారా?"

"ఇద్దర్నీ" అన్నాడు టిప్పెట్. నాన్నను చూసి కుర్చీ తెమ్మని లోపలికి కేకేశాడు. కుర్చీ వచ్చేలోపే నాన్న వెనక్కి తిరిగాడు.

* * *

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు మైకా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఓడ కదలబోతున్న రోజున రాశాడు. మా ఇంటికీ ఓబెడ్ బాబాయికీ కలిపి ఒకటే. బాబాయికి చదువు రాదు. నాన్న, అమ్మ విన్నాక ఉత్తరం పట్టుకుని వెళ్ళి ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఇద్దరి సంగతీ ఉంది బాబాయ్."

చేతిలోని చెప్పు పక్కన పెట్టి "రా" అన్నాడు. కూర్చోడానికి పెరన్ పీట తప్ప ఇంకోటి లేదు. నిలబడే చదివాను.

ఇద్దరూ ఒకే ఫిరంగి దగ్గర పనిచేస్తున్నారు. అమెరికా యుద్ధానికి హాలిఫాక్స్ రేవుకు వెళుతున్నారు. పెరన్‌కు మొదట్లో తిండి ఇమడలేదు, ఇప్పుడు తింటున్నాడు. ఓడలో వాడి చేత చెప్పులు కుట్టించుకుంటున్నారు, అందుకని కొంచెం మంచిగా చూస్తున్నారు. చలికి ఇద్దరికీ ఒక మందపు దుప్పటి దొరికింది. 'కెజియా, పెరన్ ఇక్కడ నా పక్కనే కూర్చున్నాడు. నీకేమైనా రాయమంటావా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. మళ్ళీ అడిగాను. అదే అన్నాడు.'

ఆ చివరి ముక్క నేను పైకి చదవలేదు.

"అంతేనా?" అన్నాడు బాబాయి.

"అంతే."

"దుప్పటి దగ్గర్నుంచి మళ్ళీ చదువు."

చదివాను. మళ్ళీ అక్కడికొచ్చి ఆపాను. అప్పుడే చర్చిలో గంటలు మొదలయ్యాయి. పెళ్ళికో చావుకో కాదు, అన్ని గంటలూ ఒక్కసారే. వీధిలో ఎవరో అరుస్తూ పరిగెత్తారు. బాబాయి తల ఎత్తాడు.

"ఏమిటది?"

నేను గుమ్మంలోకి వెళ్ళి కనుక్కుని వచ్చాను. "రష్యా మంచులో ఫ్రెంచి సైన్యమంతా నాశనమైపోయిందట. లండన్ నుంచి కబురొచ్చిందట."

"అంతా?"

"అంతా అంటున్నారు."

"అయితే యుద్ధం అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టేనంటున్నారు బాబాయ్."

ఆయన లేచి, ఆ పీటను కాలితో నా వైపు జరిపి, "కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. గంటలు ఆగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

యుద్ధం ఇంకా రెండున్నర ఏళ్ళు సాగింది. మెలాంథస్ అందులో తొమ్మిది నెలలే నీటిమీద ఉంది, మునిగినప్పుడు ఎవరూ మిగల్లేదు.